రెండో పంపు

మొన్న బెజవాడ ఆటోనగర్‌లో, డీజిలు పంపులు బాగుచేసే మేస్త్రి గారి గది ముందు లారీ ఆపి దిగేసరికి గడప దగ్గర చెప్పులు లేవు. లోపల ఎవరో కొత్తతను బూట్లతోనే తిరుగుతున్నాడు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ రెండూ చూశాక ఇక అడగాల్సిన పని లేకపోయింది. అయినా అడిగాను.

"మేస్త్రి గారు లేరా అండీ?"

"పోయారండీ. పదకొండో రోజు కూడా అయిపోయింది. మీకు తెలీదా?"

తెలీదు. నాకు చెప్పేవాళ్ళెవరు? ఏడేళ్ళ పరిచయంలో ఆయన పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు. నా ఫోన్లో ఇప్పటికీ 'పంపు మేస్త్రి' అనే ఉంది. ఆయనకి నేను 'చల్లపల్లి చేపలాయన'ని. ఇంటి సంగతులు మాట్లాడుకున్నది లేదు, కలిసి భోంచేసింది లేదు. అయినా ఆ కొత్తతను ఆ మాట అనగానే లారీ మెట్టు మీద కూర్చుండిపోయాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆయన గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. డీజిలు లారీ గుండెకాయ అంతా పంపులోనే ఉంటుంది. డీజిలును విపరీతమైన ఒత్తిడితో ఇంజన్లోకి కొట్టేది అదే. దాని లోపలి భాగాల మధ్య సందు తలవెంట్రుక కంటే సన్నం. "ఒక్క ఇసుక రేణువు చాలండీ, మీ కాలికి అంటుకుని వచ్చింది," అనేవారు. దుమ్ము లేస్తుందని పంపు విప్పినంతసేపూ ఫ్యాను కూడా ఆపేసేవారు. బెజవాడ మే నెలలో రేకుల కప్పు కింద ఫ్యాను లేకుండా నాలుగేసి గంటలు కూర్చునేవారు. చెమట పంపులో పడకుండా నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకునేవారు.

తుడవడానికి పాత నేతపంచెలే వాడేవారు. వాటిని సోడాలో ఉడకబెట్టి, ఆరేసి, అరచేతి వెడల్పు ముక్కలుగా కత్తిరించి డబ్బాలో దాచుకునేవారు. వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడట. మిల్లు గుడ్డ పీచు వదులుతుందనీ, చేనేత వదలదనీ ఆయన గట్టి నమ్మకం. నిజమో కాదో నాకు తెలీదు. కాదని ఆయన ముందు అనే ధైర్యం ఆటోనగర్‌లో ఎవరికీ ఉండేది కాదు.

నోరు మంచిది కాదు. బండి లాగట్లేదండీ అని వెళితే, "అది మీ మాట. బండి మాట చెప్పండి. ఎక్కడ లాగట్లేదు? ఎంత లోడు మీద? పొగ ఏ రంగు?" అని నిలదీసేవారు. సుమారుగా ఫలానా చోట అన్నామా, అయిపోయాం.

"సుమారుగా అయితే ఎదురు షాపుకెళ్ళండి. ఆయన సుమారుగా బాగుచేస్తాడు."

అట్లా ఎంతమందిని పోగొట్టుకున్నారో లెక్కలేదు. ఎదురు షాపాయనకీ ఈయనకీ అప్పటికి చాలా ఏళ్ళుగా మాటల్లేవు.

పంపు బాగుచేశాక దాన్ని బల్లకి బిగించి మోటారుతో తిప్పేవారు. డీజిలు వరసగా ఉన్న ఆరు గాజుగొట్టాల్లో పడేది. ఆయన మోకాళ్ళు వంచి, కళ్ళు సరిగ్గా డీజిలు మట్టానికి వచ్చేలా కూర్చుని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆరింటిలో ఒక్క గొట్టం రవ్వంత తేడా చూపించినా ఆరూ ఒంపేసి మళ్ళీ మొదలెట్టేవారు. బయట లారీ యజమాని గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటే ఆయనకేం పట్టేది కాదు.

ఇంకొకటి. తిరిగే ఇంజను దగ్గరికి ఆయన చెయ్యి పోనిచ్చేవారు కాదు. ఎక్కడైనా డీజిలు కారుతోందేమో చూడాలంటే పొడుగాటి కమ్మీకి అట్టముక్క గుచ్చి, దాన్ని పైపుల మీద తిప్పేవారు. అట్ట తడిస్తే అక్కడ లీకు. మా బావమరిది శ్రీను దాన్ని విసనకర్ర అని ఎగతాళి చేసేవాడు. మేస్త్రి గారి ఎడమచేతికి చూపుడు వేలు లేదు. ఆ చెయ్యి ఎక్కువగా తువ్వాలు కిందో, జేబులోనో ఉండేది. బెల్టులో పడి పోయిందని ఒకరు, లేతు మిషను తీసుకుందని ఒకరు చెప్పుకునేవారు. ఆయన్ని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

మూడేళ్ళ కిందటి సంగతి చెబుతాను. ఆయన అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే.

అప్పటికి నా లారీ చల్లపల్లి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో పెట్టుకుని రాయపూర్ వెళ్ళేది. నడిపేది శ్రీను. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. మనిషి హుషారు, చెయ్యి తిరిగిన డ్రైవరు, పోటీ అంటే పడి చచ్చేవాడు. జగదల్‌పూర్ దాటాక కొండదారి, ఆ ఘాటీ ఎక్కేటప్పుడు మా లారీ నీరసపడిపోవడం మొదలైంది. వెనకొచ్చే లారీలన్నీ దాటిపోతుంటే శ్రీనుకి ప్రాణం పోయినంత పని అయ్యేది. చేపల మార్కెట్టు నడిచేది తెల్లవారుజామున గంటన్నరే. ఆ గంటన్నర దాటితే మనం తెచ్చింది చేప కాదు, చెత్త. రెండుసార్లు అట్లాగే ఆలస్యమైంది. రాయపూర్‌లో సరుకు తీసుకునే సేటు ఫోనులో కోప్పడను కూడా లేదు. "మూడోసారి లేటయితే వేరేవాళ్ళని చూసుకుంటాను," అని పెట్టేశాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

ఆ వారమే గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైగదిలో మకాం పెట్టిన ఏజెంటు సంగతి తెలిసింది. ఉన్న పంపు పక్కన ఇంకో పంపు బిగించే కిట్టు అమ్ముతున్నాడు. రెండు పంపులూ కలిసి డీజిలు కొడితే ఇంజనుకి ఎప్పుడూ కొదవ ఉండదట. ఫోన్లో వీడియో చూపించాడు. కొండ ఎక్కుతున్న లారీ అలుపు లేకుండా దూసుకుపోతోంది. శ్రీను ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు.

"ఇదే బావా మనకి కావలసింది. ఇదుంటే ఘాటీలో నన్నెవడు దాటతాడో చూస్తా."

కొనే ముందు మేస్త్రి గారిని ఒక మాట అడుగుదామన్నాను. బిగించాల్సింది ఆయనే కదా. శ్రీనుకి ఇష్టం లేదు. అయినా వచ్చాడు.

మేస్త్రి గారు ఆ కరపత్రం రెండువైపులా, అడుగున ఉన్న చీమ తలకాయలంత అక్షరాలతో సహా చదివారు. తర్వాత మడిచి నాకే ఇచ్చారు.

"రెండో పంపు దేనికండీ?"

"బండికి డీజిలు చాలట్లేదండీ. ఘాటీ ఎక్కట్లేదు."

"డీజిలు చాలట్లేదని ఎవరు చెప్పారు?"

"నేను చెప్తన్నా," అన్నాడు శ్రీను. "నడిపేది నేను."

"బండి లాగట్లేదని నువ్వు చెప్పు, ఒప్పుకుంటా. ఎందుకు లాగట్లేదో మాత్రం నువ్వు చెప్పకు."

శ్రీను మొహం ఎర్రబడింది. ఆయన వాణ్ని వదిలేసి నావైపు తిరిగారు.

"చూడండి. పంపు కొట్టే డీజిలు నిజంగా చాలకపోతే రెండోది పెడదాం. లేదా దీన్ని తీసి ఒకటే పెద్దది పెడదాం. అదీ ఒక దారే. కానీ కొట్టిన డీజిలు మధ్యలో ఎక్కడో పోతోందనుకోండి, రెండు కాదు నాలుగు పెట్టినా అంతే. పోయేది ఇంకొంచెం ఎక్కువ పోతుంది. ఒత్తిడి పెరిగితే బలహీనంగా ఉన్న చోట పగులుతుంది. వేడి ఇంజను మీద డీజిలు చిమ్మితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు."

"అయితే ఏం చేద్దామంటారు?"

"లోడు ఎక్కిన రోజు చెప్పండి. మైలవరం దాకా నేనూ వస్తా. అక్కడ ఎత్తు ఎక్కేప్పుడు మీటరు పెట్టి డీజిలు ఒత్తిడి చూస్తా. చూసి చెప్తా. చూడకుండా నేను అవుననను, కాదనను."

అట్లా ఆయన మా లారీ ఎక్కారు. ఆ రోజు పొద్దున్నే చెరువు దగ్గర చేపలు ఎక్కించుకుని, ఐసు నింపుకుని, పదిన్నరకి ఆటోనగర్ వచ్చాం. ఆయన గది తలుపు వేసి, ఒళ్ళో గుడ్డలో చుట్టిన మీటరు, సంచీలో చిన్న చిన్న సీసాలు, అట్టముక్క పెట్టుకుని మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. శ్రీను కోపమంతా గేరు మీద చూపిస్తున్నాడు. రెండుసార్లు సేటు ఫోను చేశాడు. బయల్దేరారా అని ఒకసారి, ఎక్కడున్నారు అని ఒకసారి.

మైలవరం ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. పెద్ద ఎత్తేం కాదు. కానీ నిండు లోడుతో ఉన్న లారీకి తెలుస్తుంది.

"తొక్కు," అన్నారు మేస్త్రి గారు.

శ్రీను తొక్కాడు.

"ఇంకా. పూర్తిగా తొక్కు."

మీటరు మీద అంకె ఎక్కినట్టే ఎక్కి, ఎత్తు మధ్యలో జారిపోవడం మొదలుపెట్టింది. బండి గొంతు మారింది. వెనక బస్సు హారను కొట్టి మమ్మల్ని దాటిపోయింది.

"చూశారా!" అన్నాడు శ్రీను. "చాలట్లేదు మొర్రో అంటే వినరే!"

"పక్కకి ఆపు."

రోడ్డు పక్కన మామిడితోట కంచె దగ్గర ఆపాం. ఇంజను ఆపించి క్యాబిన్ ముందుకి వంచారు. ఇంజెక్టర్లు అని ఆరు ఉంటాయి. పంపు పంపిన డీజిలును అవి ఇంజన్లోకి చిమ్మి, మిగిలింది సన్నపైపుల్లో వెనక్కి వదులుతాయి. ఆ వెనక్కొచ్చే పైపులకి ఆరు సీసాలు కట్టి, ఇంజను మళ్ళీ స్టార్టు చేయించి, ఆయన దూరంగా నిలబడ్డారు. అయిదు సీసాల్లో అడుగున తడి మాత్రమే. నాలుగో ఇంజెక్టరు సీసా చూస్తుండగానే నిండిపోయింది.

దూరం నుంచే ఆ సీసా వైపు వేలు చూపించారు.

"ఇదండీ మీ రెండో పంపు. పంపు బానే కొడతాంది. ఇది తాగేస్తాంది. ఈ ఒక్కటి మార్చుకుంటే చాలు."

నాకు బరువు దిగినట్టయింది. శ్రీనుకి మాత్రం తల తీసేసినట్టయింది. తను చెప్పింది తప్పని నా ముందు తేలిపోయింది కదా. ఏదో ఒకటి తనూ కనిపెట్టాలనే పంతం పట్టింది వాడికి. మేస్త్రి గారు మీటరు గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకోవడానికి అటు తిరిగారు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. శ్రీను లోపలికి వంగాడు.

"ఈ పైపు జాయింటు కూడా తడిగా ఉంది బావా," అంటూ దాని కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"చెయ్యి తియ్యరా!"

మేస్త్రి గారి గొంతులోంచి అంత కేక వస్తుందని నేననుకోలేదు. సంచీ కింద పడేసి, ఒక్క అంగలో వచ్చి ఇంజను ఆపేశారు. శ్రీను మణికట్టు పట్టుకుని ఎండలోకి లాగారు. కుడిచేతి మధ్యవేలి కొస మీద చిన్న చుక్క. ఆవగింజలో సగం కూడా లేదు. రక్తం లేదు.

"ఏదో చీమ కుట్టినట్టుందంతే," అని నవ్వాడు శ్రీను.

మేస్త్రి గారు నవ్వలేదు. ఆయన పెదాలు తెల్లబడిపోయాయి.

"ఆస్పత్రికి. పదండి."

"దీనికా?" అన్నాను.

"అండీ, చెప్తే వినండి. ఆ ఒత్తిడికి చర్మం లోపలికి డీజిలు పోయింది. నొప్పి ఇప్పుడు రాదు. వచ్చాక లాభం లేదు."

నేను గడియారం చూసుకున్నాను. పన్నెండున్నర. రేపు తెల్లారేసరికి రాయపూర్‌లో ఉండాలి. ఈ ఒక్క మాట చెప్పకుండా దాటేస్తే ఎవరికీ తెలీదు గానీ చెప్పాలి. నేను ఆ క్షణంలో శ్రీను వేలు వైపు కాదు, లారీ వైపు చూశాను.

"లోడు దించి వచ్చాక చూపించుకుంటాడు లెండి. ఎల్లుండికల్లా వచ్చేస్తాడు. ఐసు కరిగిపోతుంది కదండీ."

ఆయన నా కళ్ళలోకి చూశారు.

"చేప చచ్చే ఎక్కింది మీ లారీలోకి. వీడింకా బతికున్నాడు."

అనేసి నా జవాబు కోసం ఆగలేదు. రోడ్డు నడిమధ్యకి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. ఎప్పుడూ జేబులో ఉండే ఆ ఎడమచెయ్యి కూడా. ఎదురుగా వస్తున్న కారు బ్రేకు వేసి కీచుమంటూ ఆగింది. నడుపుతున్న పెద్దాయన తిట్టబోయి, ఈయన మొహం చూసి, తలుపు తీశాడు.

క్యాబిన్ దించి, లారీకి తాళం వేసి నేనూ ఎక్కాను. శ్రీను చెయ్యి పైకెత్తి పట్టుకోవాలనీ, వేలు నొక్కకూడదనీ మేస్త్రి గారు దారంతా చెబుతూనే ఉన్నారు.

మైలవరంలో దొరికిన ఆస్పత్రి చిన్నది. డాక్టరు కుర్రవాడు. చుక్క చూసి, దూదితో తుడిచి, "చిన్న గుచ్చుకోవడమే. టీటీ ఇంజక్షను చేసి బిళ్ళలిస్తాను," అన్నాడు. శ్రీను నావైపు చూశాడు. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నేను అప్పుడే జేబులో తాళాల కోసం తడుముకుంటున్నాను.

మేస్త్రి గారు తన ఎడమచెయ్యి డాక్టరు బల్ల మీద పరిచారు.

అన్నేళ్ళలో ఆ చేతిని అంత దగ్గరగా నేను చూడలేదు. చూపుడు వేలు మొదలంటా లేదు. అక్కడి నుంచి అరచెయ్యంతా దాటి మణికట్టు దాకా కుట్ల మచ్చ. చర్మం ముడతలు పడి ఉంది.

"నాకూ టీటీయే ఇచ్చి పంపారండీ. ఇంతే చుక్క. నొప్పి లేదు. మర్నాటికి చెయ్యి ఉబ్బింది. మూడో రోజున వేలు తీసేశారు. అది గుచ్చుకోవడం కాదండీ, సూదిమందు ఎక్కించినట్టు లోపలికెళ్ళిపోయింది. కోసి కడగాలి. మీకు తెలీదని నేననట్లేదు. చేతుల ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరెవరైనా మీకు తెలిస్తే ఒక్క ఫోను చెయ్యండి. ఆయన కూడా అక్కర్లేదంటే మేం వెళ్ళిపోతాం."

ఆ డాక్టరు చిన్నవాడైనా మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. శ్రీను అరచేతి మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు. "అబ్బా!" అన్నాడు శ్రీను. చుక్క ఉన్నది వేలి కొసన, నొప్పి అరచేతిలో. డాక్టరు ఫోను తీశాడు. అవతలివైపు మాటలు వింటున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది.

"విజయవాడ తీసుకెళ్ళండి, వెంటనే. వాళ్ళు సిద్ధంగా ఉంటారు. ఏమీ తినిపించొద్దు. నీళ్ళు కూడా వద్దు."

అంబులెన్సులో వెనక్కి వస్తుంటే మొదలైంది నొప్పి. కొండపల్లి దగ్గరికొచ్చేసరికి వేలు కర్రలా బిగుసుకుపోయి తెల్లగా పాలిపోయింది. అంత హుషారైన మనిషి నా భుజం పట్టుకుని పళ్ళు బిగించాడు. కాసేపటికి, "లాగేస్తోంది బావా, భుజం దాకా లాగేస్తోంది," అన్నాడు. నా ఫోను మోగింది. సేటు. ఆగి మళ్ళీ మోగింది. మేస్త్రి గారు నా చేతిలోని ఫోను వైపు చూశారు. నేను దాన్ని ఆపేశాను.

ఆస్పత్రి గుమ్మంలోనే వాణ్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్ళారు. నేను కాగితాల మీద సంతకాలు పెట్టి, నా భార్యకి ఫోను చేశాను. తమ్ముడికి చెయ్యి అనగానే ఆమె ఇంకేం వినలేదు. "ఉంటుందా, పోతుందా?" అని ఒక్కటే అడిగింది. తెలీదన్నాను.

వరండాలో బల్ల మీద ఆయనా నేనూ. ఆయన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"అప్పుడు మీరు వెంటనే ఆస్పత్రికి వెళ్ళలేదా అండీ?"

"లేదు. సాయంత్రం దాకా పని చేశా."

"ఎందుకు?"

"బండి బయల్దేరాలి, పంపు బిగించేసి వెళ్ళమన్నాడు మా ఓనరు. చెడ్డవాడేం కాదు. నాకూ నొప్పి లేదు. ఏమవుతుందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు." నావైపు తిరిగారు. "మీకు మాత్రం నేను ముందే చెప్పా కదండీ."

తిట్టినట్టు అనలేదు. మామూలుగా అన్నారు. నేను తల దించుకున్నాను. నా జీవితంలో నన్ను అంత మెల్లగా, అంత గట్టిగా కొట్టిన మనిషి ఇంకొకరు లేరు.

అరగంట పోయాక ఆయనే లేచారు. ఎండలో చేపలతో సహా నిలబడి ఉన్న లారీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఫోను తీసి ఎవరికో చేశారు. "నేనే మాట్లాడతన్నా. పెట్టెయ్యకు," అంటే అర్థమైంది, అవతలున్నది ఎదురు షాపాయన. ఆయన దగ్గరికి చేపల లారీలవాళ్ళు చాలామంది వస్తారు. ఖాళీగా ఉన్న లారీ ఒకటి మైలవరం పంపమని అడిగారు. అన్నేళ్ళ పగ అయిదు నిమిషాలు పక్కన పెట్టారు. నా దగ్గర తాళాలు తీసుకుని, తనే బస్సెక్కి వెళ్ళి, దగ్గరుండి ఐసూ చేపలూ ఆ లారీలోకి మార్పించారు. లోడు రాయపూర్ వెళ్ళింది గానీ సమయానికి వెళ్ళలేదు. సేటు అన్న మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత మేం వేరే ఊరు, వేరే మనిషిని వెతుక్కున్నాం. వెతికితే దొరికారు.

ఆయన బస్సెక్కిన గంటకి సర్జన్ బయటికొచ్చాడు. వేలి కొస నుంచి అరచెయ్యి సగం దాకా కోశామనీ, కోయగానే గదంతా డీజిలు వాసన వేసిందనీ చెప్పాడు. ఇంకోసారి కడగాలట. రేపటిదాకా ఆగి ఉంటే వేలు పోయేదట, చెయ్యి కూడా చెప్పలేమట. "మీకు ఎవరు చెప్పారు వెంటనే తీసుకురమ్మని?" అని అడిగాడు. చెప్పాను. ఆయన్ని ఒకసారి చూడాలన్నాడు. ఆ సంగతి మేస్త్రి గారికి చెబితే, "నాకెందుకండీ డాక్టరు," అని కొట్టిపారేశారు.

శ్రీను చెయ్యి నిలిచింది. మధ్యవేలు పూర్తిగా ముడుచుకోదు, అంతే. లారీకి నాలుగో ఇంజెక్టరూ, ఆ పైపూ మారాయి. వేరే డ్రైవరుని పెట్టి పంపితే ఘాటీ మునుపటిలాగే ఎక్కింది. రెండో పంపు మేం కొనలేదు. అట్లాగని ఆయన దానికి వ్యతిరేకి ఏం కాదు. పెద్ద మిషన్లు మోసే ట్రయిలరు బండికి ఒకదానికి నిజంగానే పంపు చాలట్లేదని తేలితే, రెండో పంపు ఆయనే రెండు రోజులు కూర్చుని బిగించడం నేను చూశాను. మీటరు చెప్పింది చేశారు, అంతే.

కానీ శ్రీను లారీ దగ్గరికి రావడం మానేశాడు. కట్లు విప్పాక కూడా ఇంజను చప్పుడు వింటే చెయ్యి వెనక్కి దాచుకునేవాడు. మా ఇంట్లో కూర్చుని, ఫోన్లు అమ్మే కొట్టు పెట్టుకుంటానని ఒకరోజు, కోళ్ళఫారం అని ఒకరోజు అనేవాడు. వాళ్ళక్క చూసి చూసి, ఆ మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళమంది. తీసుకెళ్ళాను.

ఆయన వాణ్ని ఓదార్చలేదు. చెప్పులు విప్పించి, స్టూలు మీద కూర్చోబెట్టి, బల్ల మీద పంపు స్టార్టు చేశారు. శ్రీను చటుక్కున లేచి గోడకి అతుక్కుపోయాడు. ఆయన ఆపేసి టీ తెప్పించారు. తాగాక మళ్ళీ స్టార్టు చేశారు. మళ్ళీ వాడు లేచాడు. మళ్ళీ ఆపారు. అట్లా మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లో. భయపడకు అని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి శ్రీనే అడిగాడు.

"మీకు భయం ఎప్పుడు పోయిందండీ?"

"పోలేదు," అన్నారాయన. "ముప్పయ్యేళ్ళయింది. స్విచ్చి నొక్కే ముందు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే ఊపిరి బిగబడతా. అందరూ డీజిలు మట్టం చూట్టానికి అనుకుంటారు."

ఆ తర్వాత పంపు తిరిగినప్పుడు శ్రీను స్టూలు మీద నుంచి లేవలేదు. రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

మరుసటి వారం వాడు స్టీరింగు పట్టుకున్నాడు. మొదటి లోడుకి మేస్త్రి గారు, "మైలవరం దాకా నేనూ వస్తాలే," అని అడక్కుండానే ఎక్కారు. పైకి మీటరు చూడ్డానికి అన్నారు. ఆ ఎత్తు దగ్గరికొచ్చేసరికి నేను మీటరు వైపే చూస్తున్నాను. శ్రీను నుదుటి మీద చెమట. మీటరు మీద అంకె ఎక్కి, ఎక్కిన చోటే నిలబడింది. బండి ఒకే గొంతుతో ఎత్తు ఎక్కేసింది. ఆయనేమంటారో అని తిరిగి చూశాను.

మేస్త్రి గారు నిద్రపోతున్నారు. గడ్డం గుండెల మీదికి వాలిపోయింది. మా ఇద్దరి మధ్య, లోడు లారీలో, నిండు ఎండలో, గాఢంగా నిద్రపోతున్నారు.

శ్రీను ఆయన్ని చూసి వేగం తగ్గించాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి ఒక్కొక్కరే మమ్మల్ని దాటిపోయారు. వాడు ఒక్కరితోనూ పోటీకి పోలేదు. మైలవరం వచ్చింది. నేను ఆపమని సైగ చేస్తే తల అడ్డంగా ఊపి పోనిచ్చాడు.

తిరువూరులో లేచారు. ఎక్కడున్నామో చూసుకుని, గది తాళం వేసి వచ్చాననీ, మూడు బండ్లవాళ్ళు గుమ్మంలో కూర్చుని ఉంటారనీ, మా ఇద్దరికీ బుద్ధి లేదనీ నోటికొచ్చినట్టు తిట్టారు. తిడుతూనే దిగి, తిడుతూనే రోడ్డు దాటి, బెజవాడ బస్సెక్కారు. ఆ బస్సు కదిలేదాకా శ్రీను స్టీరింగు మీదికి వాలి నవ్వుతూనే ఉన్నాడు. చెయ్యి కోసిన తర్వాత వాడు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.